గైడ్ ఉంది సరే, ప్లాన్ ఎవరిది?

‘గైడ్ పెట్టే వేస్తామమ్మా, ఇంక తేడా వచ్చే సమస్యే లేదు.’ ఇంప్లాంట్ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు ఈ మాట చెప్పి ధైర్యం ఇవ్వడం తిరుపతిలో ఈ మధ్య మామూలైపోయింది. వినేవాళ్ళకూ హాయిగా ఉంటుంది. కంప్యూటర్ లెక్క కట్టింది, మెషీన్ తయారు చేసింది, ఇక డాక్టరు చెయ్యి వణికినా ఫరవాలేదు అన్నంత భరోసా.

నేను డాక్టర్ని కాను. గైడ్ అంటే డ్రిల్ ఎక్కడ, ఎటు, ఎంత లోతు దిగాలో పట్టి ఉంచే తొడుగు, పళ్ళ మీద కూర్చుంటుంది. ఆ గైడ్లు తయారు చేసే డెంటల్ ల్యాబులో డిజైన్ పని చూసేవాణ్ణి. ఇల్లు గడిచేది గైడ్ల మీదే కాబట్టి వాటి మీద నాకు కోపమేమీ లేదు. కానీ పై మాటలో సగమే నిజముంది. గైడ్ ఎంత బాగా తయారైనా అది చేసేది ఒకటే పని: స్క్రీన్ మీద వేసిన ప్లాన్‌ను తీసుకెళ్ళి నోట్లో దించడం. ఆ ప్లాన్ ఎవరో ఒకరు బుర్రపెట్టి వేయాలి. మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి ఆ ఎవరో ఒకరు నేనే. నేను కాకూడదు. ఇంత పొడుగున రాస్తున్నది ఆ ఒక్క మాట చెప్పడానికే.

ఇంప్లాంట్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పన్ను ఊడిన చోట దవడ ఎముకలో దించే టైటానియం స్క్రూ అది. మామూలుగా వెడల్పు మూడున్నర నుంచి 5 మిల్లీమీటర్లు, పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. కొన్ని నెలలకు ఎముక దానికి అతుక్కుపోతుంది. అప్పుడు పైన క్యాప్ కడతారు. ఎముక టైటానియంతో ఇలా కలిసిపోతుందని కనిపెట్టింది స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1950లలో ఆయన వెతుకుతున్నది పళ్ళ గురించి కానే కాదు. కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న పరికరం పెట్టాడు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకు మొదటిసారి అలాంటి స్క్రూలు వేశారు. 2006లో చనిపోయేదాకా ఆయన వాటితోనే తిన్నాడు, తాగాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, లార్సన్ దవడలో స్క్రూ దించేనాటికి సీటీ స్కాన్ కూడా పుట్టలేదు. పళ్ళవాళ్ళు వాడే కోన్ బీమ్ సీటీ, మనవాళ్ళ నోట్లో నానే పేరు సీబీసీటీ, వచ్చింది 1990ల చివర్లో. ఇంప్లాంట్ బతకడానికి గైడ్ ఉండి తీరాలన్న రూలు లేదు. ఉండి తీరాల్సింది వేసేవాడి అంచనా.

మరి గైడ్ ఎందుకొచ్చింది? దవడలో చోటు ఇరుకు. కింది దవడ లోపల ఎముకలోనే ఓ సన్నని కాలువ ఉంటుంది. అందులో పోయే నరం చిన్న దవడ పళ్ళ దగ్గర బయటికొచ్చి పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. డ్రిల్ దాన్ని తాకితే మూతి ఓ పక్క మొద్దుబారుతుంది. కాఫీ తాగుతుంటే పెదవి చివర్నుంచి కారుతున్నా తెలియదు. కొందరికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఎప్పటికీ సర్దుకోదు. అందుకే స్క్రూ కొసకూ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచమంటారు. పక్క పంటికి ఒకటిన్నర మిల్లీమీటరు, రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మిల్లీమీటర్లు వదలాలి. పై దవడలో అయితే నరం గొడవ లేదు గానీ దవడ పళ్ళ పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది. ముందు పళ్ళ దగ్గర పెదవి వైపు ఎముక కాగితంలా పలచన, ఒక మిల్లీమీటరు ముందుకు జరిగినా కొన్నేళ్ళకు చిగురు పైకి జారి నవ్వినప్పుడల్లా కనబడుతుంది.

ఇంత ఇరుకులో కంటి అంచనాకన్నా గట్టి ఆధారం కావాలనే గైడ్ వచ్చింది. ఆ మేరకు దానికి దండం పెట్టాల్సిందే.

ఇది రాస్తుంటే నా బల్ల మీద ఒకటి ఉంది. పచ్చటి ఛాయతో గాజులా ఉండే రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) ముక్క, గుర్రపు నాడా ఆకారం. కింది పళ్ళన్నిటి మీదా టోపీలా కూర్చుంటుంది. ఎడమవైపు మొదటి దవడ పన్ను లేని చోట ఓ గుండ్రని మెడ లేచి ఉంటుంది, దాని లోపల ఉంగరంలా లోహపు స్లీవ్. ఎత్తు 5 మిల్లీమీటర్లు. డాక్టరు డ్రిల్‌ను ఈ స్లీవ్‌లోంచే దించాలి, అటూ ఇటూ పోనివ్వదు. డ్రిల్ మెడ దగ్గర అడ్డు ఉంటుంది, లెక్క కట్టిన లోతు దాటి దిగదు. పళ్ళ కొసల మీద మూడు చోట్ల చిన్న కిటికీలు వదిలాను. గైడ్ పెట్టాక వాటిలోంచి చూస్తే పంటి కొస రెజిన్‌కు ఆనుకుని కనబడాలి. సందు కనబడిందంటే గైడ్ పూర్తిగా కూర్చోలేదు. కూర్చోని గైడ్‌తో వేస్తే చేత్తో వేసినదానికన్నా నష్టం, ఎందుకంటే చేత్తో వేసేవాడికి కనీసం అనుమానమైనా ఉంటుంది.

స్లీవ్‌కూ డ్రిల్‌కూ మధ్య కాస్త వదులు ఉండక తప్పదు, లేకపోతే డ్రిల్ తిరగదు. ఆ వదులు పదో వంతు మిల్లీమీటరే అనుకోండి. 5 మిల్లీమీటర్ల ఎత్తున్న స్లీవ్‌లో అది ఒక డిగ్రీకి పైన వంపుకు చోటిస్తుంది. స్లీవ్ దగ్గర్నుంచి స్క్రూ కొస దాకా 20 మిల్లీమీటర్ల దూరం ఉంటే, అక్కడికి చేరేసరికి ఆ వంపు 0.4 మిల్లీమీటర్లు అవుతుంది. ఇది గైడ్‌లో ఏ లోపమూ లేనప్పుడు. ప్రింటర్ వల్ల వచ్చే తేడా, స్కాన్ వల్ల వచ్చే తేడా, రెండు ఫైళ్ళు కలిపేటప్పుడు వచ్చే తేడా వేరే లెక్క.

ఊహించి చెప్తున్న మాట కాదిది. 2018లో తాహ్మాసెబ్, ఆయన సహచరులు 20 క్లినికల్ అధ్యయనాలను కలిపి చూశారు, 2 వేలకు పైగా ఇంప్లాంట్లు. గైడ్‌తో వేసినవాటిలో ప్లాన్‌కూ అసలుకూ మధ్య తేడా సగటున ఎముక పైభాగంలో 1.2 మిల్లీమీటర్లు, కొస దగ్గర 1.4 మిల్లీమీటర్లు, వంపులో మూడున్నర డిగ్రీలు. సగటు అంటేనే, దానికి పైన తేడా ఉన్నవీ ఉన్నాయని. వాళ్ళు కూడా 2 మిల్లీమీటర్ల ఎడం వదలాలనే తేల్చారు. చేత్తో వేస్తే ఇంతకన్నా ఎక్కువే తప్పుతుంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ‘తేడా వచ్చే సమస్యే లేదు’ అన్న మాటకూ, నరానికి 2 మిల్లీమీటర్లు వదిలితే 1.4 సగటున పోవచ్చు అన్న లెక్కకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం పేషెంట్‌కు ఎవరూ చెప్పడం లేదు.

సరే, యంత్రం సంగతి అలా ఉంచండి. నా అసలు గొడవ ప్లాన్‌తో.

కేసు ఎలా వస్తుందో చెప్తాను. స్కాన్ సెంటర్ నుంచి సీబీసీటీ ఫైలు వస్తుంది, ఎముక అందులో ఉంటుంది. క్లినిక్ నుంచి నోటి స్కాన్ గానీ ప్లాస్టర్ మోడల్ గానీ వస్తుంది, పళ్ళూ చిగుళ్ళూ అందులో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండిటినీ పంటికి పన్ను కలిపి ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టాలి. నరం కాలువను చుక్క చుక్కగా గుర్తు పెట్టాలి. రాబోయే పన్ను ఎక్కడ ఉండాలో ముందు బొమ్మ వేసి, దానికి తగ్గట్టు కింద స్క్రూ పెట్టాలి. స్క్రూ ఏ కంపెనీది, ఎంత వెడల్పు, ఎంత పొడవు, ఎటు వంపు, ఎంత లోతు, అన్నీ ఇక్కడే తేలిపోతాయి. ఇవన్నీ అయ్యాక గైడ్ డిజైన్ చేయడం అరగంట పని.

మీరే చెప్పండి, ఇందులో ఏది డాక్టరు పని, ఏది ల్యాబు పని? గైడ్ గీయడం నాది, ఒప్పుకుంటా. స్క్రూ ఎక్కడ పెట్టాలన్నది నాదెలా అవుతుంది? అయినా ఊళ్ళో జరుగుతున్నది ఇదే. నేను స్క్రూ పెట్టి, అన్ని కోణాల్లో బొమ్మలు తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపుతాను. పది పేజీలకు తక్కువ ఉండదు. ఒక్కోసారి నిమిషం తిరక్కుండానే బొటనవేలు బొమ్మ వచ్చేస్తుంది. ఆ నిమిషంలో ఫైలు డౌన్‌లోడ్ అయి ఉంటుందా అన్నదే నా అనుమానం.

ఓసారి కింది దవడ కేసులో పక్కనుంచి చూస్తే ఎముక ఎత్తు బాగుంది, నరం దాకా 12 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల స్క్రూ లెక్కకు సరిపోతుంది. స్క్రీన్ మీద అడ్డంగా కోసి చూస్తే మాత్రం నాలుక వైపు ఎముక సగం నుంచి లోపలికి వంగిపోయి ఉంది. నిటారుగా దించితే స్క్రూ కొస ఆ పక్కనుంచి బయటికి పొడుచుకొస్తుంది. ఆ వైపు నోటి అడుగున రక్తనాళాలు ఉంటాయి, అవి తెగితే నాలుక కింద వాచి ఊపిరికే ఇబ్బంది కావచ్చు. డాక్టరుగారికి ఫోన్ చేసి, ‘సార్, నాలుక వైపు వంపు చూశారా?’ అన్నాను. ‘నువ్వు చూశావు కదబ్బా, నీకు తెలీనిది ఏముంది, సర్దేయ్’ అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ రోజంతా టెన్షనే.

ఎందుకంటే నాకు తెలీనివే ఎక్కువ. ఆ పేషెంట్‌కు షుగర్ ఉందో లేదో ఫైల్లో ఉండదు. రాత్రిపూట పళ్ళు నూరుకుంటారో లేదో ఉండదు. ఎదురు పన్ను ఎంత కిందికి దిగిపోయిందో నోరు మూసి చూస్తేనే తెలుస్తుంది. చిగురు మందం వేలితో తాకి చూస్తేనే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నోరు ఎంత తెరుచుకుంటుంది? గైడ్‌తో వాడే డ్రిల్ మామూలు డ్రిల్‌కన్నా పొడవు, స్లీవ్ ఎత్తు కూడా దాటి దిగాలి కాబట్టి. దానిపైన హ్యాండ్‌పీస్ తల, అంటే డ్రిల్‌ను పట్టి తిప్పే పిడి తల. చివరి దవడ పన్ను దగ్గర ఇదంతా పట్టాలంటే నోరు బాగా తెరుచుకోవాలి. మన దగ్గర గుట్కా, వక్క నమిలీ నమిలీ బుగ్గలు బిగుసుకుపోయి రెండు వేళ్ళు కూడా దూరని నోళ్ళు తక్కువేం కాదు. అలాంటి వాళ్ళకు లక్షణమైన గైడ్ చేసి పంపిస్తే, అది కుర్చీ పక్కన ట్రేలో అలంకారంగా ఉండిపోతుంది. డ్రిల్ దూరదు. అప్పటికప్పుడు గైడ్ తీసి పక్కన పెట్టి చేత్తో వేస్తారు. బిల్లులో మాత్రం గైడ్ ఉంటుంది.

మా వైపు రైతులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బోరు బండి ఎంత నిటారుగా, ఎంత లోతుకు తవ్విందన్నది కాదు లెక్క. పాయింటు ఎవరు చూశారన్నది లెక్క. వెయ్యి అడుగులు గీత గీసినట్టు దిగి దుమ్ము చిమ్మిన బోర్లు మదనపల్లె వైపు ఊరికి ఎన్నో. బండివాణ్ణి ఎవరూ తిట్టరు.

పెద్ద డాక్టర్లు కొందరు అసలు గైడే వద్దంటారు. ఇన్నేళ్ళుగా చేత్తో వేస్తున్నాం, మాకేం తక్కువైంది అంటారు. వాళ్ళ మాట కొట్టిపారేయలేను. చిగురు తెరిచి ఎముకను కళ్ళారా చూసే సౌకర్యం గైడ్ పెట్టినప్పుడు చాలాసార్లు పోతుంది. ఎముక మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది డ్రిల్ పట్టిన చేతికి తెలుస్తుంది, స్లీవ్‌లో ఆ తెలివిడి కొంత తగ్గుతుంది. చేత్తో అయితే వేస్తూ వేస్తూ మధ్యలో మనసు మార్చుకోవచ్చు. ఒక్క పన్ను, చుట్టూ పుష్కలంగా ఎముక, పక్కన రెండు గట్టి పళ్ళు ఉన్న చోట అనుభవజ్ఞులకు గైడ్ లేకపోయినా పెద్ద నష్టం లేదు. నేనే అలాంటి కేసులు రెండు మూడు ‘దీనికి గైడ్ ఎందుకు సార్, డబ్బు దండగ’ అని వెనక్కి పంపాను. మా ఓనరుకు ఆ మాట నచ్చలేదనుకోండి.

కానీ ఆ పెద్దలు ఒకటి మర్చిపోతున్నారు. వాళ్ళ చెయ్యి అంత నమ్మకంగా పనిచేయడానికి కారణం, వేసే ముందు ఎక్స్‌రే పట్టుకుని చాలాసేపు చూసే అలవాటు. ప్లాన్ వాళ్ళ తలలో ఉండేది. ఇప్పుడొచ్చే కుర్ర డాక్టర్లకు గైడ్ చేతికిచ్చి ఆ చూసే అలవాటు తీసేస్తున్నాం. నాలుగైదు స్క్రూలు ఒకేసారి వేసేటప్పుడు, ముందు పళ్ళ దగ్గర, నరం దగ్గరగా ఉన్నప్పుడు గైడ్ ఉంటేనే మేలని నా గట్టి అభిప్రాయం. చూసే అలవాటు కూడా ఉండాలి, అంతే.

పూర్తిగా పళ్ళు లేని నోరు ఇంకో కథ. అక్కడ గైడ్‌కు ఆనుకోవడానికి పన్నే లేదు, మెత్తటి చిగురు మీద కూర్చోవాలి. వేలితో ఓ పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. అందుకే పక్కనుంచి ఎముకలోకి మూడు పిన్నులు కొట్టి బిగిస్తారు. ఆ పిన్నులు కొట్టేటప్పుడు పేషెంట్ పై దవడా కింది దవడా ఎలా కలుస్తాయో చూపే అచ్చు మధ్యలో పెట్టి నోరు మూయించాలి. ఆ అచ్చు లేకుండా, ‘చేత్తో పట్టుకుంటాలే’ అనుకుని పిన్ను కొడితే గైడ్ ఎక్కడ బిగిసిందో దేవుడికే తెలియాలి. ఇంకేముంది, ఆరు స్క్రూలూ ఒకే వైపుకు అంతే తేడాతో దిగుతాయి. అన్నీ ఒకదానికొకటి చక్కగా సమాంతరంగానే ఉంటాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

నేను అడిగే ముడిసరుకు సంగతి కూడా చెప్పాలి. స్కాన్ తీసేటప్పుడు పళ్ళు కరిపించొద్దు, మధ్యలో దూదిచుట్ట పెట్టి విడదీయమని ప్రతి సెంటర్‌కూ చెప్తాను. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసిపోతే నోటి స్కాన్‌తో కలపడం నరకం. పాత మెటల్ క్యాపులు ఎక్కువుంటే ఎక్స్‌రే చారలు చారలుగా చెదిరి పంటి అంచు ఎక్కడుందో తెలియదు. పెద్దవాళ్ళు తల కదిలిస్తే మొత్తం బొమ్మే జంటగా వస్తుంది. ఇంకొకటి, ఆల్జినేట్ అనే మెత్తటి ముద్దతో పళ్ళ అచ్చు తీసి తడిగుడ్డలో చుట్టి పుంగనూరు నుంచి ఆర్టీసీ కార్గోలో వేస్తారు. ఈ ఎండకు తిరుపతి చేరేలోపు అది ఆరి ముడుచుకుంటుంది. దాని మీద పోసిన మోడల్‌కు గైడ్ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, పేషెంట్ నోటికి సరిపోదు. స్కాన్‌కూ అచ్చుకూ మధ్య ఓ పన్ను పీకినా, ఓ ఫిల్లింగ్ పెట్టినా అదే గతి. తయారైన గైడ్‌ను మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి మరిచిపోయిన మహానుభావులూ ఉన్నారు. కొన్ని రెజిన్లు ఆటోక్లేవ్‌కు, అంటే ఆవిరితో క్రిములు చంపే యంత్రానికి, తట్టుకుంటాయి, కొన్ని వంగుతాయి. ఏ రెజినో కవరు మీద రాసి పంపుతాం, చదివేవాళ్ళు చదువుతారు.

నీళ్ళ సంగతి మాత్రం పేషెంట్లు కూడా తెలుసుకోవాలి. ఎముక వేడిని తట్టుకోదు. ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు 1983లో కుందేళ్ళ మీద ప్రయోగం చేసి, 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముకకు హాని అని చూపించారు. అందుకే డ్రిల్ చేసేటప్పుడు చల్లటి సెలైన్ ధారగా పోస్తారు. గైడ్ పెడితే ఆ ధార స్లీవ్ దగ్గరే అడ్డం పడి లోపలికి సరిగ్గా చేరదు. డ్రిల్‌ను మాటిమాటికీ పైకి తీస్తూ దించాలి, నీళ్ళు లోపలికి పోనివ్వాలి. కింది దవడ ముందుభాగంలో ఎముక రాయిలా ఉంటుంది, అక్కడ మరీ జాగ్రత్త. ‘గైడ్ ఉంది కదా, అడ్డు తగిలేదాకా దించేయడమే’ అనుకుంటే స్క్రూ సరైన చోటే దిగుతుంది, చుట్టూ ఎముక మాత్రం కాలిపోయి ఉంటుంది. రెండు మూడు నెలలకు అది ఊడి చేతిలోకి వస్తుంది.

చిత్తూరులో ఒక మేడం ఉన్నారు. ఆవిడ గైడ్ కేసు ఉన్నప్పుడల్లా ల్యాబుకు రావడమో, కుదరకపోతే రాత్రి ఆన్‌లైన్‌లో స్క్రీన్ పంచుకోవడమో చేస్తారు. నేను పెట్టిన స్క్రూను ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. ఓ పెద్దాయన కేసులో నేను 10 మిల్లీమీటర్లది నిటారుగా పెట్టాను, నరానికి రెండు మిల్లీమీటర్లు చూసుకునే. ఆవిడ చూసి, ‘ఎనిమిదిది పెట్టు నాయనా, కాస్త వెడల్పుది తీసుకో. ఈయన నోరు ఇంతే తెరుస్తాడు, గైడ్ ఆ చివర పూర్తిగా కూర్చుంటుందని నాకు నమ్మకం లేదు. ఒక మిల్లీ అటూ ఇటూ అయినా నరం దూరంగా ఉండాలి’ అన్నారు. తర్వాత స్లీవ్‌కు బుగ్గ వైపు గోడ తీసేసి, డ్రిల్ పక్కనుంచి దూర్చేలా చేయమన్నారు. ఈ రెండు నిర్ణయాల్లో ఒక్కటీ నా సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆ పెద్దాయన నోట్లో ఉంది, ఆవిడ చూసింది కాబట్టి ప్లాన్‌లోకి వచ్చింది. అంతా కలిపి మాకు పట్టింది ఓ సినిమా ఇంటర్వెల్ అంత టైమ్.

మిగతావాళ్ళు ఎందుకు కూర్చోరు? సోమరితనం అనుకుంటే పొరపాటు. బిల్లు చూడండి. ఇంప్లాంట్‌కు ఇంత, క్యాప్‌కు ఇంత, గైడ్‌కు ఇంత అని ఉంటుంది. ప్లానింగ్ అన్న గీతే ఉండదు. ఇంప్లాంట్ అమ్మేవాళ్ళు కొందరు ‘ప్లానింగ్ ఫ్రీ, గైడ్‌కే డబ్బులు’ అని ఇస్తారు, ఏ ఊళ్ళోనో కూర్చున్న కుర్రాడు స్క్రూ పెట్టి పంపిస్తాడు. అన్నిటికన్నా విలువైన పనికి వెల సున్నా. డబ్బు రాని పనికి డాక్టరు తన సాయంత్రం ఎందుకు ఇస్తాడు? గంగ జాతరకు ముందే పళ్ళు కట్టేయమని ఒకడు, కూతురు పెళ్ళిలోపు అయిపోవాలని ఇంకొకడు, కుర్చీ ఖాళీ ఉండదు. నన్నడిగితే గైడ్ ధర తగ్గించి, ప్లానింగ్‌కు వేరుగా డబ్బు తీసుకోవాలి. పేషెంట్ ముందు స్క్రీన్ పెట్టి, ఇదిగో నీ నరం, ఇదిగో స్క్రూ, మధ్యలో ఇంత ఎడం అని చూపించి మరీ తీసుకోవాలి. మనవాళ్ళు కళ్ళతో చూసినదానికి డబ్బివ్వడానికి వెనకాడరు. చూపించకుండా అడిగితేనే ‘ఎందుకు సామీ ఇంత?’ అంటారు.

అలాగే గైడ్ కూర్చోకపోయినా, డ్రిల్ పట్టకపోయినా దాన్ని పక్కన పెట్టే హక్కు డాక్టరుకు ఉందనీ, అందుకు సిగ్గుపడక్కర్లేదనీ ఎవరో ఒకరు చెప్పాలి. మొదటి సన్న డ్రిల్ దించాక ఆ రంధ్రంలో చిన్న పిన్ను నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీస్తే ఎటు పోతోందో తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని. గైడ్ ఉన్న రోజు దాన్ని మానేస్తున్నారు, ఉన్న రోజే ఇంకా చేయాలి.

పేషెంట్లు ఏం అడగాలి? ‘గైడ్ వాడతారా?’ అని కాదు, దానికి ఎవరైనా అవుననే అంటారు. ‘ప్లాన్ మీరే వేశారా, నాకు చూపిస్తారా?’ అని అడగండి. స్కాన్ సెంటర్లో ఫిల్మ్ షీట్లు ఇచ్చి పంపిస్తే ఊరుకోకండి, స్కాన్ అసలు ఫైళ్ళుండే డైకామ్ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, అది మీ డబ్బుతో తీసిన మీ ఎముక. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరుతో ఊడదీసే స్టిక్కర్ ఉంటుంది. దాన్ని మీ ఫైల్లో అతికించమనండి. పదేళ్ళ తర్వాత పైన స్క్రూ వదులై వెల్లూరులోనో బెంగళూరులోనో ఇంకో డాక్టరు దగ్గర కూర్చుంటే, ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో ఆ స్టిక్కరే చెప్పాలి.

మా ల్యాబులో ఈ మధ్య నేనో పద్ధతి పెట్టించాను. పీడీఎఫ్ చివరి పేజీలో స్క్రూ సైజు, నరానికి ఎడం, పక్క పంటికి ఎడం, నోరు ఎంత తెరుచుకుంటుంది అన్న నాలుగు గళ్ళు ఉంటాయి. మూడు నేను నింపుతాను. నాలుగోది డాక్టరు స్కేలు పెట్టి కొలిచి తన చేత్తో నింపి, కింద సంతకం పెట్టి పంపాలి. అది రాకుండా ప్రింటర్ ఆన్ చేయను. బొటనవేలు చెల్లదు. ఈ చాదస్తం మాకెందుకని ఒకరిద్దరు కేసులు చెన్నైకి పంపడం మొదలుపెట్టారు, మా ఓనరు మొహం ఇంకా మామూలుగా లేదు. ‘నువ్వు చూశావు కదబ్బా’ అన్న డాక్టరుగారు మాత్రం పోయిన వారం ఓ ఫారం తిప్పి పంపారు. నాలుగో గడిలో 34 మిల్లీమీటర్లు అని ఉంది. నేను పెట్టిన డ్రిల్ దానికి పట్టదు, కాబట్టి ఆ కేసు మళ్ళీ మొదటినుంచి వేస్తున్నాం. ఈసారి ఆయన కూడా లైన్లో ఉన్నారు.